ఉలి పట్టేవాళ్ళు అడిగే మాట

ఆ రోజు గొడవ బస్సులోనే మొదలైంది. నా ఒళ్ళో ఉన్న గోనెమూటకి లగేజీ టికెట్టు కొడతానని కండక్టరు, ఎలా కొడతావో చూస్తానని నేను.

"ఏముందమ్మా అందులో?"

"కళ్ళు."

"మొహానికి ఉన్నవాటికే ఫ్రీ. మూటలో కళ్ళకి చార్జీ ఉంది."

బస్సంతా నవ్వింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కళ్ళజోళ్ళ షాపు నడిపేదానికి ముక్కు మీద ఏదో ఒకటి ఉండాలి కదా అని మా ఆయన బతికున్న రోజుల్లో ఎగతాళి చేసేవారు. టికెట్టు కొట్టించుకోకుండానే దిగాల్సిన చోట దిగాను.

కొత్త ఫ్రేములు కొనడానికి పట్నం వెళ్ళినప్పుడల్లా దారిలో ఆ రాతి క్వారీ దగ్గర ఒక పూట ఆగడం నాకు అలవాటు. నా ఒక్కగానొక్క చెల్లెలు, మరిది అక్కడే పని చేస్తారు. క్వారీ అంచున రేకుల ఇళ్ళు ఓ ఇరవై దాకా ఉంటాయి. అందరిదీ అదే పని. కిందటేడు రాతి పెచ్చు ఎగిరొచ్చి మా చెల్లి ఎడమ కన్ను పోయింది. మేస్త్రి పరామర్శకి వచ్చి, "పనికి ఒక్క కన్ను చాలదేంటమ్మా? రెండోది దేవుడు స్టెప్నీగా ఇచ్చాడంతే" అన్నాడట. మేనేజరుకి మాత్రం ఇంటి దగ్గర కట్టెలు కొడుతుంటే తగిలిందని చెప్పాడు. ఆ సంగతి ఫోన్లో విన్ననాడు నా షాపులో ఒక అద్దం పగిలింది. నేనే పగలగొట్టాను.

ఆ దారిన పోయే పుణ్యాత్ములు అప్పుడప్పుడూ క్వారీ దగ్గర కారు ఆపి, ఏవో పంచి, ఫొటోలు దిగి పోతుంటారు. ఒకళ్ళు ఎత్తుమడమల చెప్పులు ఇచ్చారు. ఇంకొకళ్ళు మెడకి కట్టుకునే టైలు ఒక పెట్టెడు ఇచ్చారు. చెయ్యి జారకుండా వాటిని ఉలికి చుట్టుకున్నారు, పోనీలే. నేను మాత్రం ముందే అడిగాను, ఏం తెమ్మంటావే అని. "బట్టలొద్దు, బిస్కెట్లొద్దు. కళ్ళకి అడ్డం పెట్టుకునేవి తే అక్కా. అందరికీ సరిపడా తే" అంది చెల్లి.

అందుకే ఆ మూట. సుత్తితో కొట్టినా పగలని ప్లాస్టిక్ అద్దాలు, చెవుల వెనక్కి సాగే పట్టీలు. చెమటకి ఆవిరి పట్టకుండా పక్కలకి కాల్చిన సూదితో నేనే కన్నాలు పెట్టాను. మరుగుతున్న నీళ్ళ గిన్నె మీద మొహం పెట్టి ఒక్కొక్కటీ పరీక్షించాను. షాపుకొచ్చినవాళ్ళు నాకు పిచ్చెక్కిందనుకున్నారు. ఎక్కితే ఎక్కింది. చెల్లికి మిగిలిన ఆ ఒక్క కన్నూ నిలవాలి, నాకు అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

నేను వెళ్ళేసరికి చెల్లి స్టవ్ దగ్గర ఉంది. నేను ఆరాటంగా దాని మొహం అటూ ఇటూ తిప్పి చూస్తూ, "ఒక కన్నుతో దూరం సరిగా తెలీదే. జాగ్రత్తగా ఉండాలి. మెట్టు దిగేటప్పుడు, పొయ్యి దగ్గర..." అని మొదలుపెట్టాను.

అది టీ గిన్నె తల దాకా ఎత్తి, కింద నేల మీద పెట్టిన మూడు గ్లాసుల్లోకి వంచింది. ఒక్క చుక్క బయట పడలేదు.

"ఏడాదైందక్కా. అలవాటైపోయింది. మొన్న ఈయనకి చెయ్యి బెణికితే మూడ్రోజులు సమ్మెట నేనే వేశాను. ఉలి ఈయన పట్టారు. కావాలంటే వేళ్ళు లెక్కపెట్టుకో."

మరిది రెండు చేతులూ చాపి వేళ్ళు ఆడించాడు. "పదీ ఉన్నాయి వదినా. గోరు కూడా పోలేదు."

వాళ్ళ పని అలాంటిది. ఒకరు రాతి మీద కూర్చుని రెండు చేతులతో ఉలి నిలబెట్టి పట్టుకుంటారు. ఇంకొకరు నిలబడి సమ్మెటతో దాని నెత్తిన కొడతారు. సమ్మెట ఒక్క బెత్తెడు పక్కకి పోతే ఉలి పట్టినవాళ్ళ చెయ్యి మిగలదు. అందుకని అక్కడ ఒక కట్టుబాటు ఉంది. మొదటి దెబ్బకి ముందు ఉలి పట్టేవాళ్ళు తలెత్తి, "కోపముందా?" అని అడగాలి. సమ్మెట వేసేవాళ్ళు నిజం చెప్పాలి. లేదంటే పని మొదలు. ఉందంటే ఉలి కింద పెట్టి లేచిపోవాలి. ఎవరి మీద, ఎందుకు అని ఎవరూ అడగరు, ఆ పూటకి ఆ జంటకి పని లేదు. ఉంది అని చెప్పాక కూడా ఉలి వదలకపోతే, ఆ తర్వాత ఏం జరిగినా పట్టినవాడిదే పాపం. మొగుడూ పెళ్ళాలైనా, అన్నదమ్ములైనా రోజూ అడగాల్సిందే. నా షాపులో ఈ పద్ధతి పెడితే నేను వారానికి ఒక రోజు కూడా తలుపు తియ్యలేను.

టీ తాగి ముగ్గురం క్వారీలోకి దిగాం. మూట విప్పగానే చుట్టూ మూగారు. అందరికంటే పెద్దాయన, తాత అని పిలుస్తారు, పెట్టుకుని అటూ ఇటూ చూసి, "ఈ అద్దాల్లోంచి చూస్తే మా ముసల్ది కూడా బానే ఉందే" అన్నాడు. ఆయన భార్య ఆయన నెత్తిన ఒక్కటి మొట్టింది. ఉలి పట్టేవాళ్ళకి ముందు, సమ్మెట వాళ్ళకి తర్వాత, వరసగా పంచాను. చెల్లికి నా చేతులతో నేనే పెట్టి పట్టీ బిగించాను. అప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అది ఎంతోసేపు లేదు. మేస్త్రి వచ్చాడు.

బండలాంటి మనిషి. ఒకప్పుడు అతనూ ఉలి పట్టినవాడే. మొహం నిండా చిన్న చిన్న రాతి మచ్చలు. చేతిలో ఎప్పుడూ ఒక సమ్మెట కర్ర ఉంటుంది, ఇనుము లేని ఒట్టి కర్ర.

"ఏంటీ వేషాలు? తియ్యండి."

ఎవరూ తియ్యలేదు.

"నేను ముప్పయ్యేళ్ళు ఒట్టి కళ్ళతో పట్టాను. రాయి ఎక్కడ విచ్చుతుందో కంటికి కనపడాలి. కళ్ళకి గంతలు కట్టుకుని కూర్చుంటే రాయి మీ తాత చెబితే పగులుతుందా?"

నేను ముందుకెళ్ళాను. "గంతలు కావు, అద్దాలు. పెట్టుకుని చూసి మాట్లాడండి. ఒక్క కన్ను పోగొట్టింది చాలదా?"

"ఎవరు పోగొట్టారు? కట్టెలు కొట్టుకుంటూ పోగొట్టుకుంది."

"నేను పడింది ఈ రాతి మీద" అంది చెల్లి. "నా రక్తం కడిగింది మీరే."

అక్కడే తెలిసింది నాకు, అతని బాధ రాయి విచ్చడం గురించి కాదు. ఇవాళ అందరి కళ్ళకీ అద్దాలు కనిపిస్తే, ఇన్నాళ్ళూ ఎందుకు లేవని రేపు మేనేజరు అడుగుతాడు. కిందటేడు చెప్పిన కట్టెల కథ బయటపడుతుంది. అది అతనికీ తెలుసు. అందుకే మొహం అంతలా నల్లబడింది.

వంగి మూట లాక్కున్నాడు. అందులో ఇంకా సగం ఉన్నాయి. రాతి మీద గుమ్మరించి, పక్కనున్నవాడి చేతిలోంచి సమ్మెట లాక్కుని కొట్టడం మొదలుపెట్టాడు. సుత్తికి పగలవు అవి. సమ్మెటకి పగిలాయి. ఒక్కో దెబ్బకి నాలుగైదు నుజ్జయ్యాయి, ముక్కలు మా కాళ్ళకి వచ్చి తగిలాయి. నా నెలల కష్టం నా కళ్ళ ముందు పిండి అవుతుంటే నేను ఊరుకునే రకం కాదు. వెళ్ళి కాలర్ పట్టుకున్నాను. "నీ అబ్బ సొమ్మా?" అన్నాను. అతను మోచేత్తో నా రొమ్ము మీద గుద్దాడు. కంకర మీద పడ్డాను. మోకాలి చిప్ప మీద చర్మం లేచిపోయి కాలు తడిసింది.

"వదిన మీద చెయ్యేస్తావా!"

మా మరిది నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళైనప్పటి నుంచీ అతను గొంతు పెంచగా నేను వినలేదు. ఆ రోజు విన్నాను. వచ్చి మేస్త్రిని రెండు చేతులతో తోశాడు. మేస్త్రి ఒక అడుగు వెనక్కి వేసి, సమ్మెట పారేసి, తన కర్ర అందుకున్నాడు.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది చెవి మీద. మరిది మోకాళ్ళ మీద కూలాడు. లేవబోతుంటే మళ్ళీ అదే చెవి మీద కొట్టాడు. చెవి తెగి వేలాడింది. పడిపోయాక కూడా ఆపలేదు. డొక్కలో పొడిచాడు, వీపు మీద బాదాడు, మొహానికి అడ్డం పెట్టుకున్న చేతుల మీద బాదాడు. కొడుతూ కొడుతూ లెక్కగా మాట్లాడాడు. "ఇది తోసినందుకు. ఇది అద్దాలకి. ఇది నీ పెళ్ళాం నోటికి." తాత అడ్డం వెళ్ళబోతే కర్ర ఆయన వైపు తిప్పాడు. తాత ఆగిపోయాడు. అందరూ ఆగిపోయారు. ఆ కర్ర ఎవరి మీద లేస్తే వాళ్ళకి మర్నాటి నుంచి పని ఉండదు. నేను కంకర మీద పాకుతూ వెళ్ళి మరిది తల మీద పడ్డాను. ఒక దెబ్బ నా వీపుకి కూడా తగిలింది. అప్పుడు ఆపాడు, అలిసిపోయి.

మరిది నోట్లోంచి రక్తం, పన్ను ముక్క వచ్చాయి. ఊపిరి తీస్తుంటే గురగురమంటోంది.

మేస్త్రి చెమట తుడుచుకుని మా చెల్లి దగ్గరికి వెళ్ళాడు. దాని మొహం మీది అద్దాలు పట్టుకుని లాగాడు. పట్టీ తెగి చెంప మీద ఎర్రగా గీత పడింది. అద్దాలు కింద పడేసి మడమతో నలిపాడు.

"చూడండి అందరూ. అద్దాలు లేకుండా ఎలా పడతారో చూపిస్తా. నేర్చుకోండి."

పెద్ద రాతి మీద కాళ్ళు రెండు పక్కలా వేసి కూర్చున్నాడు. ఉలి నిలబెట్టి పట్టుకున్నాడు. "రండిరా, ఎవడు వేస్తాడు?"

ఎవరూ కదల్లేదు. చెల్లి కదిలింది. మేస్త్రి పారేసిన సమ్మెట తీసుకుంది. దానికి అద్దాల పొడి ఇంకా అంటుకుని ఉంది. వెళ్ళి రాతి పక్కన నిలబడింది.

మేస్త్రి నవ్వాడు. "నువ్వా? వెయ్యి."

"అడగండి" అంది చెల్లి.

"ఏం అడిగేది?"

"అందరూ అడిగేదే. మీరూ ముప్పయ్యేళ్ళు అడిగారుగా."

అడగకుండా లేస్తే పరువు పోతుంది. అడక్కుండా కూర్చోవడం ఆ రాతి మీద ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు. మేస్త్రి వెక్కిరిస్తూ గొంతు సాగదీశాడు. "కోపముందా, తల్లీ?"

"ఉంది."

తాత గట్టిగా అన్నాడు. "మేస్త్రీ, ఉలి కింద పెట్టు. ఉందంటోంది."

"ఒంటికన్నుది నన్నేం చేస్తుందిరా? దీనికంత గుండె ఉందా?" అన్నాడు కానీ ఉలి మీద అతని వేళ్ళు తెల్లబడ్డాయి. పెట్టేస్తాడనే అనుకున్నాను. పెడితే ఎంత బాగుండేది. చుట్టూ అందరి మొహాలూ చూశాడు. పెట్టలేదు.

చెల్లి సమ్మెట ఎత్తింది. ఎత్తి ఆగింది. దించింది. మళ్ళీ ఎత్తి ఆగింది. "వెయ్యవే!" అని అరిచాడు. మూడోసారి ఎత్తి వేసింది.

ఉలికి తగిలితే ఇనుము మోగుతుంది. మోగలేదు. ఎముక నలిగిన చప్పుడు వినపడింది, తర్వాత అతని అరుపు. కుడి చెయ్యి మణికట్టు దగ్గర నుంచి రాతికి అతుక్కుపోయింది. వేళ్ళు ఏవి ఎటున్నాయో తెలియలేదు. లాక్కోబోయి లాక్కోలేక, తన చేతిని చూసి కక్కుకున్నాడు. రక్తం రాతి గీతల వెంబడి కిందకి కారింది.

చెల్లి సమ్మెట పక్కన ఆనించి పెట్టింది. "అయ్యో" అంది, గొంతు ఏ మాత్రం మారకుండా. "ఒంటికన్ను కదా మేస్త్రి గారూ, దూరం తెలీలేదు. ఒక్కటి చాలని మీరే అన్నారు."

చిన్నప్పుడు నేను జడ వేసిన పిల్ల అది. పొద్దున తల ఎత్తు నుంచి మూడు గ్లాసుల్లోకి చుక్క ఒలకకుండా టీ పోసిన చెయ్యి అది.

కబురు వెళ్ళి మేనేజరు జీపులో వచ్చేసరికి మేస్త్రి చేతికి ఎవరిదో తువ్వాలు చుట్టి ఉంది. మేనేజరు కుర్రవాడు, నలగని చొక్కా. అతన్ని జీపెక్కించి, జరిగింది విని చెల్లి వైపు చూశాడు. "కావాలని కొట్టావా?"

"దూరం తెలీలేదు సార్."

"అబద్ధం!" అని మేస్త్రి జీపులోంచి అరిచాడు. "మొన్న మూడ్రోజులు ఇదే వేసింది సమ్మెట! ఒక్క దెబ్బ తప్పలేదు! అడగండి వీళ్ళని!"

మేనేజరు అడిగాడు. ఇరవై ఇళ్ళ వాళ్ళు నిలబడి ఉన్నారక్కడ. ఒకళ్ళు ఆకాశం చూశారు, ఒకళ్ళు కాలి గోళ్ళు చూసుకున్నారు. తాత గొంతు సవరించుకుని, "మాకు గుర్తు లేదు బాబూ" అన్నాడు. "ఉంది అని చెప్పింది. ఆయన ఉలి వదల్లేదు. పట్టినవాడిదే పాపం. మాకు తెలిసింది అంతే."

"ఆ మాటలు పోలీసులకి పనికిరావు" అని మేనేజరు నా వైపు తిరిగాడు. "మీరు కళ్ళజోళ్ళ షాపు నడుపుతారట కదా. ఒక కన్ను లేనివాళ్ళకి దూరం తెలీదంటే నిజమేనా?"

అందరూ నన్నే చూశారు. చెల్లి మాత్రం చూడలేదు. మరిది తల ఒళ్ళో పెట్టుకుని చెవి దగ్గర గుడ్డ అదిమి పట్టుకుంది.

"నిజమే" అన్నాను. "రెండు కళ్ళూ ఉంటేనే దూరం సరిగ్గా అందుతుంది. ఒకటి పోతే గ్లాసులో నీళ్ళు పోసినా పక్కన పడతాయి. పుస్తకాల్లో ఉన్నదే చెబుతున్నాను."

పుస్తకాల్లో ఉన్నదే చెప్పాను. నా చెల్లెలి గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. అది అబద్ధం అవుతుందో కాదో నాకు తెలుసు, మీరు చెప్పక్కర్లేదు.

మేనేజరు మేస్త్రిని చూశాడు. "కన్ను లేని మనిషి చేతికి సమ్మెట ఇచ్చి ఎదురుగా కూర్చున్నావా? బుద్ధుందా?" తర్వాత చెల్లిని చూశాడు. "దూరం తెలియనివాళ్ళకి ఇక్కడ పని లేదు. రేపట్నుంచి నువ్వు క్వారీలోకి దిగడానికి వీల్లేదు." అంతే. జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. అందులో మా మరిదికి చోటు ఉందేమో అని ఎవరూ అడగలేదు.

నా నోటి మాటతోనే దాని పని పోయింది. జైలు తప్పించాను, కూడు పోగొట్టాను. ఇంత చేసి, పంచడానికి తెచ్చినవాటిలో సగం పొడి. మూటని తిట్టుకుంటూ, నన్ను తిట్టుకుంటూ మరిదిని లేపుతుంటే, తాత చొక్కా లోపల చెయ్యి పెట్టి తన అద్దాలు బయటకి తీశాడు. ఆయన భార్య జాకెట్లోంచి తీసింది. ఒక్కొక్కళ్ళూ తీశారు. మేస్త్రి కర్ర ఆడుతుండగానే దాచేసుకున్నారు. మొహాలకి పెట్టుకున్నారు. నలుగురు మరిదిని మంచం మీద పెట్టి బస్సు దాకా మోశారు.

పొద్దుటి బస్సే రెండో ట్రిప్పులో మళ్ళీ పట్నం వైపు, ఆసుపత్రి ఉన్న వైపు వెళ్తోంది. అదే కండక్టరు. మరిది మొహం చూసి ఇక టికెట్టు మాట ఎత్తలేదు. వెనక పొడుగు సీటు ఖాళీ చేయించి అతన్ని పడుకోబెట్టాడు.

"ఆ కళ్ళు ఇచ్చేశారామ్మా?" అన్నాడు కాసేపయ్యాక, మెల్లగా.

"ఇచ్చాను. ఒకటి వెనక్కి తీసుకెళ్తున్నాను."

చెల్లి కిటికీ పక్కన కూర్చుంది. నా చేతిసంచిలో ఒక జత మిగిలింది. దాని మొహానికి పెట్టబోయాను.

"ఇంకెందుకక్కా? పని పోయిందిగా."

"దుమ్ము పడుతుంది. ఉన్నది ఒక్కటే."

పెట్టించుకుంది. క్వారీ వెనక్కి పోయేదాకా ఆగి అడిగాను. "తప్పిందా, తప్పించావా?"

"రెండుసార్లు ఎత్తి ఆగానక్కా. పెట్టేస్తాడేమో అని." దాని చెయ్యి నా చేతిలో ఉంది. అరచెయ్యంతా కాయలు, వేళ్ళ సందుల్లో ఇంకా ఎండిన రక్తం. వెనక సీట్లో మరిది మూలిగితే ఆ చెయ్యి బిగుసుకుంది. నా ఎముకలు నొప్పెట్టాయి. దాన్ని చూస్తే నాకు భయం వేస్తోంది. ఆ మాట దాచుకోను.

"కోపముందా?" అని అడిగాను.

అద్దాల్లోంచి తిరిగి నన్ను చూసింది.

"ఉంది" అంది.

నేను చెయ్యి వదల్లేదు.